ఆధారం చూపని చరిత్ర పుస్తకాన్ని నేనిక కొనను

నిన్న సాయంత్రం కాచిగూడలో కాకతీయుల మీద ఈ మధ్యే వచ్చిన ఒక తెలుగు పుస్తకం కొన్నాను. గట్టి అట్ట, మంచి కాగితం, 500 పైచిలుకు పేజీలు, ధర 700 రూపాయలు. ఇంటికి రాగానే రుద్రమదేవి మరణం గురించి రచయిత ఏం రాశారో చూద్దామని వెనక పేజీలు తిప్పాను. అకారాది సూచిక లేదు. సరే, ఆ అధ్యాయమే వెతుక్కుని చదువుదామని వెళితే, రుద్రమ యుద్ధభూమిలో వీరమరణం పొందిందని ఒక వాక్యం కనిపించింది. ఏ శాసనం చెప్పింది, అది ఏ సంపుటిలో ఉంది, ఎవరు చదివి అర్థం చెప్పారు అన్న ఊసే లేదు. మొత్తం పుస్తకం గాలిస్తే ఒక్క పాదసూచిక కూడా దొరకలేదు. చిట్టచివరి పేజీలో మాత్రం, ఈ రచనకు అనేక ప్రామాణిక గ్రంథాలను పరిశీలించడమైనదని ఉంది. ఆ గ్రంథాల పేర్లు చెప్పడానికి రచయితకు అడ్డొచ్చిందేమిటో నాకు అర్థం కాలేదు. ఇది పరిశోధన గ్రంథమని అట్ట మీదే వేసుకున్నారు కాబట్టి నాకు మరింత కోపం వచ్చింది.

ఈ ఉదయం ప్రచురణకర్తకు ఫోన్ చేసి అడిగాను. ఆయన మర్యాదగానే మాట్లాడారు. "అమ్మా, మన పాఠకులు అవన్నీ చూడరమ్మా. ఇంకో ఫారం పెరిగితే రేటు పెంచాల్సి వస్తుంది, అప్పుడు మీరే ఖరీదెక్కువ అంటారు" అన్నారు. ఒక ఫారం అంటే 16 పేజీలు. అదే పుస్తకం మొదట్లో ముందుమాటలు, శుభాకాంక్షలు, ఆత్మీయ వాక్యాలు, రచయిత సన్మానాల రంగుల ఫొటోలు కలిపి రెండు ఫారాలకు పైగా ఉన్నాయి. శాలువా కప్పించుకుంటున్న ఫొటోకు ఆర్ట్ పేపర్ దొరికింది, చందుపట్ల శాసనానికి మాత్రం ఒక్క పంక్తి దొరకలేదు. ఖర్చు పేరుతో దేన్ని వదిలేశారో, దేన్ని ఉంచుకున్నారో చూస్తే ఎవరి కోసం ఆ పుస్తకం వేశారో తెలిసిపోతుంది.

చందుపట్ల సంగతి చెప్పకుండా నేను ముందుకు పోలేను. నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గరి ఆ ఊళ్లో 1289 నాటి శాసనం ఒకటి ఉంది. పువ్వుల ముమ్మడి అనే సేవకుడు అందులో, కాకతి రుద్రమదేవికీ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోకప్రాప్తి కలగాలని తాను దేవుడికి చేసిన దానాన్ని చెప్పుకున్నాడు. రాణినీ సేనానినీ ఒకే శాసనంలో కలిపి తలచుకోవడం వల్ల, ఆ రోజుల్లో సామంతుడు కాయస్థ అంబదేవుడు కాకతీయుల మీద తిరగబడి ఉండడం వల్ల, ఆ పోరులోనే ఇద్దరూ మరణించి ఉంటారని చరిత్రకారులు ఊహించారు. అది బలమైన ఊహే, నేను కూడా నమ్ముతాను. కానీ శాసనం యుద్ధం గురించి చెప్పలేదు, మరణం గురించి చెప్పింది. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరాన్ని పాఠకుడికి చూపించడమే చరిత్రకారుడి పని. ఆ దూరాన్ని చెరిపేసి, కళ్లారా చూసినట్టు "వీరమరణం" అని రాసేస్తే, ఆ శాసనం కోసం ఎండలో రాళ్లు తుడిచి అక్షరాలు చదివినవాళ్ల శ్రమంతా గంగలో కలిపినట్టే.

పైగా ఈ శాసనం లెక్కలోకి రాకముందు వచ్చిన చరిత్రల్లో రుద్రమ పాలన 1295 దాకా, 1296 దాకా సాగిందని ఉండేది. ఇప్పటికీ కొత్త పుస్తకాలు కొన్ని ఆ పాత సంవత్సరాన్నే ఎత్తి రాస్తున్నాయి, కొన్ని 1289 అంటున్నాయి, ఏదీ ఎందుకో చెప్పడం లేదు. నా దగ్గర చదువుకుని ఇప్పుడు అశోక్‌నగర్‌లో ఉంటూ గ్రూప్స్‌కు తయారవుతున్న ఒక అమ్మాయి మొన్నామధ్య చిక్కడపల్లి లైబ్రరీ నుంచి ఫోన్ చేసింది. "మేడమ్, ఒక పుస్తకంలో 1289 అని ఉంది, ఇంకో దాంట్లో 1295 అని ఉంది, ఏది రాయమంటారు?" అని అడిగింది. రెండూ కొత్తగా అచ్చయిన పుస్తకాలే, రెండింటి మీదా రచయితల పేర్ల ముందు డాక్టరేట్లు ఉన్నాయి. ఆ రెండింటిలో ఏ ఒక్కటైనా కింద ఒక చిన్న అంకె వేసి, ఇది ఫలానా శాసనం వల్ల తెలుస్తోందని రాసి ఉంటే, ఆ అమ్మాయి నాకు ఫోన్ చేయాల్సిన అవసరమే ఉండేది కాదు. తనంతట తానే తేల్చుకునేది. చదువంటే అదే కదా. మెస్ బిల్లులో కోసుకుని పుస్తకాలు కొనే పిల్లలకు మనం ఇస్తున్నది రెండు అంకెలు, ఒక అయోమయం.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధపెట్టేది ఇంకొకటి ఉంది. ఇదే ఆచార్యులు ఇంగ్లీషులో ఒక వ్యాసం రాస్తే ప్రతి పేజీ కిందా పాదసూచికలు బారులు తీరి ఉంటాయి. అక్కడ శాసనం సంఖ్య, సంపుటి, పేజీ అన్నీ గుర్తుంటాయి. తెలుగులోకి వచ్చేసరికి అవన్నీ అనవసరం అయిపోతాయి. ఎందుకంటే ఇంగ్లీషు చదివేవాడు ప్రశ్నిస్తాడు, తెలుగు చదివేవాడు ప్రశ్నించడని వాళ్ల నమ్మకం. ఇది సోమరితనం మాత్రమే అయితే నేను ఇంత బాధపడేదాన్ని కాదు. తెలుగు పాఠకుడంటే ఇది చులకన భావం. మన భాషలో చదివేవాళ్లకు కథ చెబితే చాలు, రుజువు చూపనక్కర్లేదని మన పండితులే తీర్మానించుకున్నారు.

మనకు ఈ సంప్రదాయం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లో వచ్చింది. ఇంట్లో ఎవరి దగ్గరైనా ఉంటే ఒకసారి తీసి చూడండి. ప్రకరణం చివర ఆ ప్రకరణానికి ముఖ్యాధారాలేమిటో ఆయన వరసగా ఇచ్చారు. పల్నాటి వీరచరిత్ర నుంచి తీసుకున్నదేదో, క్రీడాభిరామం నుంచి తీసుకున్నదేదో, పాల్కురికి సోమనాథుడి దగ్గర దొరికినదేదో మనకు తెలుస్తుంది. ఏ కావ్యంలో ఏ పద్యం నుంచి ఏ ఆట, ఏ తిండి, ఏ బట్ట గురించి ఊహించారో మూలంతో పోల్చుకుని చూసి, కావాలంటే ఆయనతో విభేదించవచ్చు. నేను కొన్నిచోట్ల విభేదించాను కూడా. ఆ అవకాశం ఆయనే ఇచ్చారు. కంప్యూటర్ లేదు, ఇంటర్నెట్ లేదు, 'గోలకొండ' పత్రిక నడిపిన మనిషి, రాజకీయాల్లో తలమునకలుగా ఉన్న మనిషి. ఆయనకు కుదిరింది. 1955లో తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఆ పుస్తకానికే వచ్చింది. ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో ఒక్క మీట నొక్కితే పాదసూచిక దానంతటదే అమరుతుంది, మనకు మాత్రం కుదరడం లేదు.

ఇంకా వెనక్కి వెళితే, కొమర్రాజు లక్ష్మణరావు గారు, ఆయన మిత్రులు మన హైదరాబాద్‌లోనే 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం పెట్టారు, 1906లో పుస్తకాలు ప్రచురించడానికి విజ్ఞానచంద్రికా మండలి పెట్టారు. కథలూ కావ్యాలూ కాకుండా చరిత్ర, శాస్త్రం, జీవిత చరిత్రలు తెలుగువాడి చేతికి రావాలని పెట్టారు. నిజాం రాజ్యంలో తెలుగుకు ఏ ఆదరువూ లేని రోజుల్లో ఆ పని మొదలుపెట్టినవాళ్లు తెలుగు పాఠకుడికి బుద్ధి ఉందని నమ్మారు. సుల్తాన్ బజార్ మీదుగా వెళ్లేటప్పుడల్లా ఆ భాషా నిలయం భవనం చూసి నాకు ఇదే గుర్తొస్తుంది.

కళల పుస్తకాల పరిస్థితి మరీ దారుణం. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన తరవాత రంగుల పుస్తకాలు వరసగా వచ్చాయి, సంతోషమే. కానీ ఒక పుస్తకంలో ఒక మదనిక (నాట్యగత్తె శిల్పం) బొమ్మ కింద "కాకతీయ శిల్పం" అని మాత్రమే ఉంది. అది గుడికి ఏ వైపున ఉంది, ఏ స్తంభం మీద నిలబడి ఉంది, ఏ రాయి, ఎత్తెంత, ఫొటో ఎప్పుడు తీశారు అన్నవేవీ లేవు. ఇంకో పుటలో ఉన్న నంది అసలు రామప్పదేనా, మరో గుడిదా అని నేను అనుమానపడ్డాను, తేల్చుకునే దారి ఆ పుస్తకంలో లేదు. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఆ గుడి కట్టించాడని శాసనం చెబుతుంది. శిల్పి రామప్ప పేరు మీదే గుడికి ఆ పేరు వచ్చిందనేది జనం నోట వచ్చిన కథ. రెండూ చెప్పండి, రెండూ విలువైనవే. ఏది రాతి మీద ఉందో, ఏది నోటి మాటో విడదీసి చెప్పండి. అంతకు మించి ఎవరూ కోరడం లేదు.

మన నగరం పుట్టుక విషయంలోనూ ఇదే తంతు. కులీ కుతుబ్ షా ప్రేయసిగా కథల్లో వినిపించే భాగమతి నిజంగా ఉందనేవాళ్లు ఉందని రాస్తారు, లేదనేవాళ్లు లేదని రాస్తారు, ఏ పక్షం వాళ్లూ తమ మాటకు మూలం చూపరు. నగరం కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా కాలంలోనే జీవించిన చరిత్రకారుడు ఫిరిష్తా ఆమె గురించి రాశాడు, కానీ అతను రాసింది బీజాపూర్ ఆస్థానంలో కూర్చుని. మన చరిత్రకారుడు హరూన్ ఖాన్ షేర్వానీ గారు కుతుబ్ షాహీల చరిత్ర రాస్తూ ఈ కథను గట్టిగా శంకించారు. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెడితే ఇంటర్ చదివే పిల్లవాడు కూడా ఆలోచించుకోగలడు. పెట్టరు. ఎందుకు పెట్టరంటే, ఆలోచించుకున్న పాఠకుడు తమ పక్షాన నిలబడతాడన్న ధీమా వాళ్లకు లేదు.

జీవిత చరిత్రల గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. నిజాం కాలం నాటి ఒక ఉద్యమకారుడి జీవితం మీద వచ్చిన పుస్తకంలో, జైలు గదిలో ఇద్దరి మధ్య అర్ధరాత్రి జరిగిన సంభాషణ పేజీన్నర పాటు కొటేషన్లలో ఉంది. ఆ ఇద్దరూ చనిపోయి చాలా కాలమైంది. వాళ్లలో ఎవరైనా ఆ మాటలు రాసి పెట్టారా, కుటుంబం వాళ్లు చెప్పారా, రచయితే కల్పించారా, తెలియదు. తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది, ఆనాటి కాగితాలు అక్కడ ఉన్నాయి, వెళ్లి అడిగితే చూడొచ్చు. ఒక ఫైలు నంబరు ఇచ్చి ఉంటే ఆ త్యాగానికి ఎంత గౌరవం దక్కేది! ఇప్పుడు ఆ పుస్తకాన్ని ఎవరైనా కట్టుకథ అంటే, ఆ పెద్దమనిషి తరఫున వాదించడానికి నా చేతిలో ఏముంది? రసీదు లేని బంగారం ఎంత మేలిమిదైనా అమ్మబోతే అనుమానంగానే చూస్తారు.

ఇక ఆవిష్కరణ సభలు. ఈ మాట ఎప్పటి నుంచో నా మనసులో ఉంది, ఇవాళ అనేస్తాను. వేదిక మీద పది మంది కూర్చుంటారు, అందులో పుస్తకం పూర్తిగా చదివినవాళ్లు ఎవరూ ఉండరు, నిన్న రాత్రే అందిందని కొందరు మైకులోనే చెబుతారు. చెప్పి, వెంటనే ఇది తెలుగు చరిత్ర రచనలో మైలురాయి అంటారు. ఒక్కరూ లేచి, అయ్యా, ఈ మూడో అధ్యాయంలో మీరు చెప్పినదానికి ఆధారం ఏమిటని అడగరు. అడిగితే అమర్యాద. నేను ఒకసారి ఒక సభలో అడిగాను. ప్రశ్నోత్తరాలకు సమయం లేదమ్మా, భోజనాలు ఉన్నాయి అన్నారు. అడిగేవాళ్లు లేని చోట ఆధారాలు చూపాలన్న భయం ఎవరికి ఉంటుంది? సమీక్షలూ అంతే. పత్రికల్లో వచ్చే పరిచయాల్లో అట్ట బాగుందని, అచ్చు బాగుందని, ప్రతి ఇంట్లో ఉండాలని ఉంటుంది. సూచిక లేదని, పాదసూచికలు లేవని రాసిన సమీక్ష చివరిసారి ఎప్పుడు చదివానో గుర్తు లేదు.

అమ్ముడుపోవని అంటారు. పరిశోధన గ్రంథాన్ని 500 ప్రతులు వేస్తారు, అవి కొనేది ఎవరు? మాలాంటి టీచర్లు, లైబ్రరీలు, పరీక్షల పిల్లలు, పాత శాసనాల పిచ్చి ఉన్న రిటైరైన ఉద్యోగులు. అంటే సరిగ్గా సూచికలు, పాదసూచికలు కావలసినవాళ్లే. నవల చదివే పాఠకుడి కోసం పరిశోధన గ్రంథం నుంచి ఆధారాలు తీసేస్తున్నామని చెప్పడం ఎవరిని మోసం చేయడానికి? ఆ నవలా పాఠకుడు ఈ పుస్తకం కొనడు, కొన్న మేము మోసపోయాం.

అందుకని, డిసెంబరులో బుక్ ఫెయిర్ పెట్టేలోగా ప్రచురణకర్తలను నేను కోరేది ఇది. ఇప్పటికే అచ్చయిన పుస్తకాలను మళ్లీ వేయమని అడగడం లేదు. ఆధారాల పట్టికనూ అకారాది సూచికనూ ఆ 16 పేజీల ఫారంగా విడిగా వేసి, పుస్తకం కొన్నవాళ్లకు ఇవ్వండి, డబ్బు పుచ్చుకునే ఇవ్వండి. అదీ కుదరదంటే పీడీఎఫ్‌గా పెట్టండి, మేమే ప్రింట్ తీసుకుని పుస్తకంలో పెట్టుకుంటాం. రచయితలు నోట్సు రాసుకోకుండా అన్ని పేజీలు రాసి ఉండరు, ఆ నోట్సు వాళ్ల దగ్గర ఉండే ఉంటుంది. లేదంటే, ఆ సంగతి కూడా మాకు చెప్పండి.