వార్డులోనే నోరు తిరగాలి

గుంటూరు పెద్దాసుపత్రి వార్డులో నర్సింగ్ విద్యార్థిని "ఏం మామ్మా, రాత్రి నిద్ర పట్టిందా?" అని అడిగితే, డాక్టరుకి చెప్పని నొప్పి కూడా ఆ పెద్దావిడ బయటపెడుతుంది. అదే అమ్మాయి బ్రిటన్ వెళ్లాలని, వైద్యరంగంలో పనిచేసేవారి ఇంగ్లీషును పరీక్షించే ఓఈటీకి కూర్చుంటే నోరు పెగలదు. నాలుగేళ్లు ఇంగ్లీషు పుస్తకాలే చదివి, ఇంగ్లీషులోనే పరీక్షలు రాసిన పిల్లే!

తప్పు ఆ పిల్లది కాదు. మాట్లాడించని కాలేజీలది.

ఓఈటీ స్పీకింగ్‌లో అడిగేది వ్యాకరణం ఒక్కటే కాదు. రోగిగానో బంధువుగానో నటించే మనిషితో ఐదేసి నిమిషాల చొప్పున రెండుసార్లు మాట్లాడాలి. ఎదుటివారి భయాన్ని విన్నారా, చెప్పింది వారికి అర్థమైందా అని కూడా చూస్తారు. బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదుకు ఈ విభాగంలో 500కు 350 రావాలి. కోచింగ్‌లో బట్టీ పట్టిన వాక్యాలు, రోగి ఒక్క ఎదురు ప్రశ్న వేస్తే ఎగిరిపోతాయి. అక్కడి పెద్దావిడ 'ఐ నీడ్ టు స్పెండ్ ఎ పెన్నీ' అంటే బాత్రూంకి వెళ్లాలని. మూత్రవిసర్జనను 'మిక్చురిషన్' అని మాత్రమే చదివిన పిల్లకు ఇది తెలిసే దారేది?

యాస గురించి పిల్లలకు లేనిపోని టెన్షన్. దొరల్లా పలకక్కర్లేదు, స్పష్టంగా పలికితే చాలు. అయితే ఫిఫ్టీన్, ఫిఫ్టీ మన నోట తరచూ ఒకేలా వినిపిస్తాయి. మందు 15 మిల్లీగ్రాములా, 50 మిల్లీగ్రాములా? 'వన్ ఫైవ్' అని అంకెలు విడదీసి చెప్పే అలవాటు మొదటి ఏడాదే చేయించాలి. విజయవాడ ఐసీయూలోనైనా, లండన్ ఐసీయూలోనైనా ఇది ప్రాణాలతో పని.

రోగితో మాట తెలుగులోనే సాగాలి, అందులో రాజీ వద్దు. ఆ మాటలనే పక్కకొచ్చాక ట్యూటర్‌కు ఇంగ్లీషులో చెప్పించాలి. డ్యూటీ మారేటప్పుడు రోగుల పరిస్థితి చెప్పి విద్యార్థులు ఇచ్చే హ్యాండోవర్ కూడా కాగితం చూడకుండా ఇంగ్లీషులో ఇప్పించాలి. విజయవాడలోనే ఉన్న వైద్య విశ్వవిద్యాలయం దీనికి ఇంటర్నల్ మార్కులు పెడితే కాలేజీలు పక్కన పెట్టలేవు. కొత్త భవనాలు అక్కర్లేదు. రోజుకు పది నిమిషాలు, తప్పు మాట్లాడినా నవ్వకుండా వినే ట్యూటర్ చాలు. వచ్చే బ్యాచ్ నుంచే ఇది మొదలుకావాలని కోరుతున్నాం.