ఇంజన్‌కి ఐదు క్వార్టర్లు

కారుకి కింద అనేది ఒకటుంటుంది. అట్టముక్క పరుచుకుని దూరి, బోల్టు విప్పితే పాత ఆయిల్ దానంతటదే కారిపోతుంది. పడవకి కింద ఉండేది చెరువు. ఈ చిన్న తేడా పడవ కొన్న ఏడాదికి గాని నా బుర్రకి ఎక్కలేదు.

మేం ఉండేది డాలస్ దగ్గర. ఉత్తరంగా గంటన్నర వెళితే టెక్సోమా సరస్సు. 1944లో పూర్తయిన డెనిసన్ డ్యామ్ రెడ్ రివర్‌ని ఆపితే ఏర్పడింది. కొంత టెక్సస్, కొంత ఓక్లహామా. అక్కడ ఒక రేవులో మా పడవ కట్టేసి ఉంటుంది. 28 అడుగులు, పెట్రోలు ఇంజన్, వయసులో మా పెద్దాడి కంటే పెద్దది. ఆయిల్ మార్చడానికి మెకానిక్ 400 డాలర్లు అడిగాడు. ఏనుగుని కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడాడని అంటారు కదా, ఆ పని నేను చేశాను. "కారుకి పదిహేనేళ్ళ నుంచి నేనే మారుస్తున్నా. దీనికేమైనా కొమ్ములున్నాయా?" అని మా ఆవిడతో అన్నాను. ఆవిడ మాట్లాడకుండా పులిహోర కలపడం మొదలుపెట్టింది. నేనేదైనా సొంతంగా చేస్తానంటే సాయంత్రం దాకా ఇంటికి రామని ఆవిడకి అనుభవం.

ఆర్నెల్లు ఉండిపోదామని భీమవరం దగ్గర్నుంచి వచ్చిన మా మామగారు కూడా బయల్దేరారు. చేపల చెరువులకి నీళ్ళు తోడే ఆయిల్ ఇంజన్లతో ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన మనిషి. అయినా అల్లుడి పనిలో వేలు పెట్టరు. ప్రశ్నలు మాత్రం వేస్తారు. ఆ ప్రశ్నల కంటే వేలు పెట్టడమే నయం.

"ఎంత పడుతుంది అల్లుడుగారూ?"

"ఐదు క్వార్టులు మామయ్యగారూ."

"ఇంజన్‌కి ఐదు క్వార్టర్లా!" అని కాసేపు మౌనం. పెళ్ళిళ్ళలో ఎవరెవరు ఎన్నెన్ని పట్టించారో గుర్తుచేసుకుంటున్నట్టున్నారు. క్వార్టర్ కాదు క్వార్ట్ అని, అది దాదాపు 946 మిల్లీలీటర్లని చెప్పాను. వేళ్ళ మీద లెక్కేసి, "అంటే 26 క్వార్టర్ల పైమాటే" అన్నారు. లెక్క కరెక్టే. మనిషి సంతృప్తి పడ్డారు.

ముందు నాలుగు నిమిషాలు ఇంజన్ గది ఫ్యాన్ వేయాలి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, పడవ అడుగున చేరి కూర్చుంటుంది. వంటింట్లో గ్యాస్ వాసనొస్తే కిటికీలు తెరిచాకే అగ్గిపుల్ల ముట్టుకుంటాం కదా, అలాంటిదే. తర్వాత పది నిమిషాలు ఇంజన్ నడిపి ఆపాలి. చలికి నెయ్యి పేరుకున్నట్టు చల్లటి ఆయిల్ కదలదు, కాస్త వేడెక్కితే పల్చబడుతుంది. ఇంతవరకూ అన్నీ పద్ధతిగా చేశాను. ఎవరైనా వీడియో తీసి ఉంటే ఇక్కడిదాకానే తీయాల్సింది.

కింద బోల్టు అందదు కాబట్టి ఆయిల్‌ని పైనుంచి పీల్చాలి. మట్టం చూసే పుల్ల ఉంటుందే డిప్‌స్టిక్, అది తీసేసి ఆ గొట్టంలోంచి సన్నటి ట్యూబు దింపి పంపు కొట్టాలి. ఆరు లీటర్ల డబ్బా, పైన పిడి. మామగారు దాన్ని చూసి, "పొలంలో మందు కొట్టే డబ్బాలా ఉందే" అన్నారు. అది చిమ్ముతుంది, ఇది పీలుస్తుంది, అంతే తేడా.

మూత ఎత్తి, గబ్బిలంలా తలకిందులుగా ఇంజన్ గదిలోకి వేలాడాను. మా ఆవిడ ఫోన్ లైటు పట్టుకుంది. ఆ లైటు ఎప్పుడూ నేను చూడాల్సిన చోట తప్ప అన్నిచోట్లా పడింది. చేతికి తగిలిన మొదటి పుల్ల లాగి ట్యూబు దింపాను. పంపు కొడితే ఎర్రటి ఆయిల్ వచ్చింది. దానిమ్మ రసంలా ఉంది.

"చూశారా, ఎంత శుభ్రంగా ఉందో! అసలు మార్చక్కర్లేదు" అన్నాను. రెండు క్వార్టులు వచ్చి గాలి తగిలింది. మిగతా మూడూ పాత ఇంజన్ తాగేసి ఉంటుందని సరిపెట్టుకున్నాను.

తర్వాత ఫిల్టర్. దాన్ని అడ్డంగా బిగించిన మహానుభావుడు ఎవరో గాని, విప్పగానే లోపలున్నదంతా మోచేతి దాకా కారింది. నేను తెలివిగా కింద మా చంటిదాని డైపర్లు రెండు పరిచి ఉంచాను. డైపర్ నీళ్ళని తాగుతుంది. నూనెని అంతగా తాగదు. నూనె దాని మీద నుంచి మర్యాదగా జారి అడుగున గుంటలోకి దిగింది. ఆ గుంటలో నీరు పెరిగితే దానంతటదే పనిచేసే పంపొకటుంది. సరిగ్గా అప్పుడే అది గుర్రుమంది. పరుగెత్తి స్విచ్ కట్టేశాను. ఇంకో క్షణమైతే ఆయిల్ సరస్సులోకి పోయేది. నూనె నీళ్ళలో వదలడం నేరమని 26 అడుగులు, అంతకంటే పెద్ద పడవల్లో ఒక పలక తగిలించాలి. మామగారు అప్పుడే దాన్ని కూడబలుక్కుంటూ పైకి చదివారు. సబ్బునీళ్ళు పోసి నూనెని విరగ్గొట్టి బయటికి తోడేద్దామని నేను సీసా తీసేసరికి, పక్క పడవలో కాఫీ తాగుతూ మా సర్కస్ చూస్తున్న పెద్దాయన, "అదీ నేరమే బాబూ" అని చెప్పి, నాలుగు తెల్లటి గుడ్డలు విసిరాడు. అవి నీళ్ళని వదిలేసి నూనెని మాత్రమే పీలుస్తాయి. డైపర్‌కి సరిగ్గా తిరగేసిన సరుకు.

కొత్త ఫిల్టర్ బిగించి, కొత్త ఆయిల్ ఐదు క్వార్టులూ పోశాను. ఇంజన్ స్టార్ట్ చేసి లీకులు చూద్దామని తాళం మీద చెయ్యి వేశాను.

"అల్లుడుగారూ, ఒక్క అనుమానం. డబ్బాలోకి ఎర్రగా వచ్చింది. ఫిల్టర్‌లోంచి నల్లగా వచ్చింది. ఇంజన్ ఒకటేగా?"

"మురికి పట్టేది ఫిల్టరే కదా మామయ్యగారూ, అందుకే అది నలుపు" అన్నాను. నేను ఇంత గట్టిగా చెప్పినవన్నీ తర్వాత తప్పని తేలినవే.

"మా ఇంజన్లో అంతా నలుపే ఉండేది. అమెరికాలో వేరేమో" అన్నారాయన.

ఆ 'వేరేమో' దగ్గర నాకు చెమట పట్టింది. మళ్ళీ వేలాడి చూస్తే వెనకాల ఇంకో పుల్ల ఉంది. తీసి చూశాను. నల్లటి ఆయిల్ గుర్తు దాటి జానెడు పైకి ఉంది. నేను పీల్చింది గేర్‌బాక్స్‌ని. ఇంజన్ ఆయిల్ అని పొరబడకుండా ఉండాలనే ఆ నూనెకి ఎర్రరంగు కలుపుతారు. అంత స్పష్టంగా రంగేసి చెప్పినా పొరబడ్డానంటే తప్పు వాళ్ళది కాదు. ఇప్పుడు గేర్‌బాక్స్ ఎండిపోయి ఉంది, ఇంజన్లో దగ్గర దగ్గర పది క్వార్టులున్నాయి. స్టార్ట్ చేసి ఉంటే అక్కడ గేర్లు అరిగిపోయేవి, ఇక్కడ ఇంజన్ లోపల తిరిగే క్రాంకు ఆయిల్‌ని మజ్జిగలా చిలికేది.

పదీ బయటికి లాగాలి. డబ్బాలో అంత చోటు లేదు. నా చూపు పులిహోర డబ్బా మీద పడింది.

"ఏమండీ, అది మా అమ్మ ఇచ్చిన డబ్బా" అంది మా ఆవిడ. గొంతు పెంచలేదు. అందుకే భయమేసింది.

"కొత్త ఆయిల్ పోసిన క్యాను ఖాళీగానే ఉందిగా అల్లుడుగారూ" అన్నారు మామగారు.

గంట ముందు డబ్బులు పెట్టి కొన్న ఆయిల్‌ని, పాతదాంతో కలిపి, నా చేత్తో నేనే పీల్చాను. మళ్ళీ ఐదు క్వార్టులకి ఊళ్ళోకి పోయి రావడానికి గంట పట్టింది. ఈసారి పోసేముందు పుల్ల మామగారికి చూపించాను. గేర్‌బాక్స్‌లో ఎర్ర ఆయిల్ రెండు క్వార్టులు పోసి, పడవ కట్టిన తాళ్ళు గట్టిగా బిగించి, ఇంజన్ నడిపి ముందుకీ వెనక్కీ గేర్లు వేసి ఆపి, వెంటనే మట్టం చూశాం. ఆలస్యం చేస్తే గొట్టాల్లోని ఆయిల్ వెనక్కి దిగి లెక్క తప్పుతుంది. సరిపోయింది.

పంపు, రెండుసార్లు ఆయిల్, ఫిల్టర్, డైపర్లు కలిపి ఎంతయిందో మా ఆవిడ అడగలేదు. నేనూ చెప్పలేదు. దారిలో కార్ల సామాన్ల షాపువాళ్ళు పాత ఆయిల్ ఊరికే తీసుకున్నారు. అంతా ఎక్కడిదని మాత్రం అడిగారు.

ఇంటికొచ్చేసరికి చీకటి పడింది. స్నానం చేసి వస్తుంటే మామగారు వరండాలో భీమవరానికి ఫోన్‌లో ఉన్నారు.

"పది క్వార్టర్లు పట్టించారురా అల్లుడుగారు. దించేసరికి సాయంత్రమైంది."

అవతల తమ్ముడు ఏదో అన్నట్టున్నాడు.

"ఛ ఛ, ఆయన ముట్టరు. ఇంజన్‌కి."