రాయడానికి ఏమీ లేదట!

ఆన్‌లైన్‌లో నాలుగు వ్యాసాలు రాసినవాళ్లెవరికైనా ఈ ప్రశ్న తప్పదు: "ఇన్ని విషయాలు మీకు ఎక్కడ దొరుకుతాయండీ?" అడిగేవాళ్ల మీద నాకు కోపం లేదు. దానికి ఇప్పుడు చలామణీలో ఉన్న జవాబంటేనే కోపం. ట్రెండింగ్‌లో ఏముందో చూడండి, పెద్ద సైట్లు రాసినదాన్ని మీ మాటల్లో తిరగరాయండి, రోజుకొకటి వదలండి. ఇదీ సలహా. ఫలితం కనిపిస్తూనే ఉంది. సంక్రాంతి వస్తే భోగిపళ్ల మీద ఒకే వ్యాసం పది చోట్ల. అక్షరదోషాలు కూడా మారవు, ఒకరి నుంచి మరొకరికి వారసత్వంగా వస్తాయి.

ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం నాడు తిరిగే పోస్టు చూడండి. "ప్రపంచ లిపుల్లో తెలుగుకు రెండో స్థానం!" 2012లో బ్యాంకాక్‌లో జరిగిన ఒక పోటీ సంగతి అది. మొదటి స్థానం కొరియా లిపి హంగుల్‌కు వచ్చింది. 2009లో జరిగిన పోటీలోనూ మొదటిది హంగులే. పోటీ వెనుక ఉన్నదీ కొరియావాళ్లే. ఈ చివరి ముక్క మన పోస్టుల్లో కనిపించదు. నాకైతే అసలు కథంతా అక్కడే ఉంది. ఒక దేశం తన లిపిని అంతగా ఎందుకు నెత్తిన పెట్టుకుంటుంది? అక్టోబరు 9న ఆ లిపి పేరిట దేశమంతా సెలవు ఎందుకు ఇస్తుంది? మనం మన లిపికి ఏం చేస్తున్నాం? పోటీ ఎవరు పెట్టారని ఒక్కసారి అడిగి ఉంటే ఆ పోస్టు రాసినాయనకు రెండు మంచి వ్యాసాలు చేతికొచ్చేవి. ఆయనకు ఆ పని అక్కర్లేకపోయింది, షేర్లు ఎలాగూ వచ్చాయి.

నేను చెప్పదలచుకున్నది ఇదే. రాయడానికి విషయం ఒకచోట, సమాచారం మరొకచోట ఉండవు. ఒక సమాచారం నిజమో కాదో చూడటానికి బయలుదేరితే దారిలో తగిలేదే విషయం. "టాపిక్స్ లిస్టు పంపండి" అని అడిగేవాళ్లు ప్రయాణం మానేసి టిక్కెట్టు దాచుకుంటున్నారు.

ఈ పని మనకు కొత్తదీ కాదు. రెండు వందల ఏళ్ల కిందట కాలిన్ మెకంజీ అనే సర్వే అధికారి దగ్గర పనిచేసిన కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి, ఆయన మనుషులతో కలిసి ఏం చేశారు? ఊళ్లు తిరిగారు. కరణాల దగ్గర కవిలెలు, అంటే ఊరి లెక్కల కట్టలు, చూశారు, శాసనాలకు నకళ్లు తీశారు, పెద్దవాళ్లను అడిగారు. చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు, ఊరు ఎప్పుడు పాడుబడి మళ్లీ ఎలా నిలబడింది అన్నదంతా కైఫియత్తులుగా రాశారు. తర్వాత సి.పి. బ్రౌన్ వాటిలో చాలావాటికి నకళ్లు రాయించాడు. కడప జిల్లా కైఫియత్తులు అచ్చులో ఉన్నాయి కూడా. అందులో చెప్పిందంతా చరిత్రేనని నేననను. ఊరి గొప్ప కోసం కల్పించిన కథలూ కలిసే ఉంటాయి. కానీ ఏ ఊరివాళ్లు ఏ కల్పన చేసుకున్నారన్నది నాకు ఇంకా రుచికరమైన విషయం. రాయలసీమలో పుట్టి, ఊరి చరిత్ర మీద వీడియోలు చేస్తూ, కైఫియత్తు పేరు కూడా వినని వాళ్లను చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది.

పాత పత్రికల సంగతీ అంతే. కృష్ణా పత్రిక 1902లో బందరులో మొదలైంది. అమృతాంజనం తయారుచేసిన కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో వారపత్రికగా పెట్టిన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసు నుంచి దినపత్రికయింది. ఈ రెండింటి పాత సంచికలు చాలావరకు స్కాన్ అయి ఉచితంగా దొరుకుతాయి. సంపాదకీయాలు పండితులకు వదిలేయండి, ప్రకటనలు చదవండి. ఏ మందు అమ్మారు, ఏ పుస్తకం వెల ఎంత, ఏ ఊళ్లో ఏ నాటకం ఆడారు? ఒక్కో పేజీ ఒక్కో వ్యాసం. వేటపాలెంలో 1918 నాటి గ్రంథాలయం సారస్వత నికేతనం ఉంది. అక్కడికి వెళ్లి బోర్డు ముందు ఫొటో దిగి, లోపలి పత్రికల కట్ట విప్పకుండా తిరిగొచ్చే భక్తులూ ఉన్నారు.

చరిత్ర మీకు పడకపోతే 2011 జనగణన జిల్లా పుస్తకాలు తెరవండి. మీ ఊరికి బ్యాంకు, పోస్టాఫీసు, హైస్కూలు ఎంత దూరమో, పొలాలకు నీరు ఎక్కడిదో ఊరి వారీగా ఉంటుంది. ఇవాళ్టి పరిస్థితితో పక్కపక్కన పెడితే చాలు. ఇక మనుషులంటారా, లైన్‌మన్, పోస్ట్‌మన్, మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి, రిటైరైన టీచరు, వీళ్లు చెప్పలేని విషయం తక్కువ. కానీ రాయడానికే అడుగుతున్నానని ముందే చెప్పండి. టీ తాగుతూ మాట్లాడించి, చెప్పాపెట్టకుండా రికార్డు చేసి పోస్టు పెట్టడం దొంగతనమే.

అన్నట్టు, దొంగతనం గురించి ఇంకొక్క మాట. కాపీరైట్ చట్టం కాపాడేది రాసిన తీరును, వాస్తవాన్ని కాదు. వాస్తవం ఎవరి సొత్తూ కాదు, నిజమే. దాన్ని అడ్డం పెట్టుకుని, ఎవరో నెలల తరబడి గ్రంథాలయంలో దుమ్ము మింగి వెలికితీసిన సంగతిని వాళ్ల పేరు లేకుండా "మా పరిశోధన" అని వేసుకునేవాళ్లు కోర్టుకు భయపడక్కర్లేదేమో గానీ సిగ్గుపడొచ్చు. పేరు చెప్పడానికి ఒక వాక్యం చాలు.

ఇంత చెప్పినా మా ఊళ్లో రాయడానికేమీ లేదంటారా? మీ చెరువు రికార్డుల్లో ఎన్ని ఎకరాలు, ఇప్పుడెంత మిగిలిందో సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఆ చట్టం వచ్చింది 2005లో. మండల స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. వస్తే ఒక వ్యాసం. రాకపోతే అప్పీలు చేయండి, అది రెండు వ్యాసాలు.