పేరు చదివాక టైముంటే వార్తలు

పశ్చిమాఫ్రికా దేశం గాంబియాలో ప్రభుత్వ రేడియో, టీవీలు అధ్యక్షుడి భజన తప్ప వార్తలు చెప్పలేదని ఆడిపోసుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అధ్యక్షుడు యాహ్యా జామే ఏలిన 22 ఏళ్లలో ఆ న్యూస్‌రీడర్లు పడ్డ కష్టం పగవాడికైనా వద్దు. 1994లో తిరుగుబాటు చేసి గద్దెనెక్కినప్పుడు ఆయన ఉత్త లెఫ్టినెంటు. దిగేనాటికి, ఆయన రిబ్బను కత్తిరించాడని చెప్పాలన్నా ముందు గుండెనిండా ఊపిరి పీల్చుకోవాలి: హిజ్ ఎక్సలెన్సీ షేక్ ప్రొఫెసర్ అల్హాజీ డాక్టర్ యాహ్యా ఏజేజే జామే బాబిలీ మన్సా. తర్వాత వాక్యంలో ఆయన నవ్వాడు. మళ్లీ షేక్, మళ్లీ ప్రొఫెసర్. ఆ తర్వాత కూర్చున్నాడు. ఎందుకు కూర్చున్నాడు మహానుభావా, మళ్లీ మొదటికొచ్చింది! మన వందిమాగధులు నయం, ఒకసారి చదివి తాంబూలం పుచ్చుకుని ఇంటికెళ్లేవారు. వీళ్లకి పూటపూటా అష్టోత్తరమే.

2007లో ఆ టీవీ వైద్యం కూడా చూపించింది. ఎయిడ్స్ రోగులకు అధ్యక్షులవారు స్వహస్తాలతో ఆకుపసరు పూశారు, చేదు కషాయం తాగించారు, రెండు అరటిపళ్లు పెట్టారు. డాక్టర్లిచ్చిన మందులు మానేయమన్నారు. నిజంగా తగ్గిందా అని ఒక్క రిపోర్టరైనా అడగాలి కదా అంటారా? పేరు చదువుతున్నాడండీ పాపం!

ఇక ప్రైవేటువాళ్ల ఆగడాలు. సిటిజన్ ఎఫ్ఎం అయితే ఇంగ్లీషు పేపర్లలోని వార్తలను జనం మాట్లాడే భాషల్లో చదివి వినిపించేది. చదువురాని పల్లెవాడికి కూడా సంగతులు తెలిసిపోతే దేశం ఏమైపోవాలి? 2001లో పన్ను బాకీ అని మూయించారు. ది ఇండిపెండెంట్ పత్రిక ప్రెస్సును 2004 ఏప్రిల్‌లో సాయుధులొచ్చి తగలబెట్టారు. దానికి బాకీ సాకు కూడా అక్కర్లేకపోయింది.

ది పాయింట్ పత్రిక సంపాదకుడు డేడా హైదరా కాలమ్ పేరు 'గుడ్ మార్నింగ్ మిస్టర్ ప్రెసిడెంట్'. అంతే, బిరుదుల్లేవు. 2004 డిసెంబర్‌లో పత్రికల మెడకు ఉరి బిగించే చట్టాలు తెస్తే ఒప్పుకోనన్నాడు. 16వ తేదీ రాత్రి, పత్రిక 13వ పుట్టినరోజు చేసుకుని, తోటి ఉద్యోగినులిద్దరిని ఇళ్ల దగ్గర దింపడానికి కారులో వెళ్తుంటే కాల్చి చంపారు. పిరికివెధవలు! ఒక్క కాలమ్‌కి జవాబు రాయడం చేతకాక చీకట్లో తుపాకులు పంపారు. ఇన్ని బిరుదులున్నవాడికి నాలుగు ముక్కలు రాయడం రాలేదా?

2019లో ఒక సైనికుడు, జామే దిగిపోయాక ఆయన అకృత్యాలపై వేసిన సత్యశోధన కమిషన్ ముందు ఒప్పుకున్నాడు: కాల్చింది మేమే, ఆజ్ఞ జామేది అని. మరుసటిరోజు తమ చేతికి డాలర్ల కవరిచ్చి, ఇది 'బిగ్ మ్యాన్' ఇచ్చిన కానుక అన్నారట. షేక్, ప్రొఫెసర్, డాక్టర్... ఆ ఒక్క పూట ఎవరికీ నోరు తిరగలేదు.