ఓ పాజిటివ్ అయితే ఏటి, కవచమా?

మొన్న పొద్దున్నే మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పెద్దబావ ఒక ఫార్వర్డ్ పడేశాడు. ఓ గ్రూపు రక్తం ఉన్నవాళ్లకి గుండెపోటు రాదట, గడ్డలు కట్టవట. కింద వరసగా దండాలు. ఆయనది ఓ పాజిటివ్ లెండి. మా చిన్నప్పది బీ పాజిటివ్, తొమ్మిదేళ్లుగా కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్). అది చదివి నాకు ఫోన్ చేసి "అయితే నాది మంచి రక్తం కాదేట్రా?" అంది. నవ్వుతూనే అంది గానీ నాకు ఒళ్లు మండింది.

పూర్తి అబద్ధమైతే కొట్టిపారేద్దును. ఇందులో కాస్త నిజం ఉంది, అదే చిక్కు. ఏ, బీ గ్రూపులంటే ఎర్రకణాల మీద ఉండే చక్కెర గుర్తులు. ఆ గుర్తులే రక్తంలో వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ మీదా ఉంటాయి. దెబ్బ తగిలినచోట ప్లేట్‌లెట్లని అతికించే బంక అది. ఓ వాళ్లకి ఆ గుర్తులు ఉండవు కాబట్టి బంక ఒంట్లో ఎక్కువసేపు నిలవదు, మిగతావాళ్ల కంటే సుమారు 25 శాతం తక్కువ ఉంటుంది. అందుకే సిరల్లో గడ్డ కట్టే ముప్పు ఓ కానివాళ్లకి దాదాపు రెట్టింపు. రెట్టింపంటే హడలిపోకండి, పాశ్చాత్య దేశాల లెక్కలో అది ఏడాదికి వెయ్యిమందిలో ఒకరికి వచ్చే జబ్బు. గుండెజబ్బు దగ్గర ఆ తేడా ఇంకా చిన్నది. ఓ వాళ్లకి రక్తం కారే ఇబ్బంది కాస్త ఎక్కువని మాత్రం ఏ ఫార్వర్డూ చెప్పదు.

చిన్నప్పకి భయపడాల్సింది ఆ బీ అక్షరం గురించి కాదు. కీళ్లవాతమంటే వేళ్లు వంకర్లు పోవడమే అనుకుంటాం. లోపల వాపు ఏళ్ల తరబడి రగులుతుంటే రక్తనాళాల లోపొర పాడవుతుంది, రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్ పెరుగుతుంది, పైన చెప్పిన బంకా పెరుగుతుంది. పేగుల్లో ఇలాంటి వాపే రగిలే పెద్దపేగు పూత, క్రోన్స్ జబ్బు ఉన్నవాళ్లకీ గడ్డల ముప్పు రెండు మూడు రెట్లు. బ్రిటన్ డాక్టర్లు గుండె ముప్పు కట్టే క్యూరిస్క్ లెక్కలో కీళ్లవాతానికి ఒక గడి ఉంది. 2017లో వచ్చిన కొత్త లెక్కలో లూపస్ అనే మరో వాపు జబ్బుకీ, స్టెరాయిడ్ బిళ్లలకీ గడులు పెట్టారు. బ్లడ్ గ్రూపుకి గడి లేదు.

పోయినేడు చిన్నప్ప పెళ్లికని విజయనగరం నుంచి హైదరాబాదు రాత్రంతా బస్సులో కూర్చుని వెళ్లొచ్చింది. వచ్చిన రెండో రోజుకి ఎడమ పిక్క వాచింది. చెప్పు ఒక కాలికి పడుతోంది, రెండోదానికి పట్టట్లేదు. బొటనవేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. ఇక్కడ ఒకచోట చూపిస్తే "వాతం ఉంది కదమ్మా, అదే" అని నొప్పి బిళ్లలు రాసి పంపేశారు. రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి చూడ్డానికి ఎంతసేపు పడుతుంది? నాలుగో రోజు విశాఖ తీసుకెళ్లి డాప్లర్ స్కాన్ తీయిస్తే సిరలో గడ్డ.

అక్కడి డాక్టరమ్మ గ్రూపు సంగతే ఎత్తలేదు. ఏ మందులు వాడుతున్నారని అడిగింది. చిన్నప్ప సంచిలోంచి కాగితం పొట్లం తీసింది. మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చిన చిన్న తెల్ల బిళ్లలు, పేరూ లేదు ఊరూ లేదు. "ఇవేసుకుంటేనే పొద్దున్న లేచి పప్పు రుబ్బుకోగలుగుతున్నానమ్మా" అంది. స్టెరాయిడ్. బీపీ, షుగరు, గడ్డల ముప్పు, మూడూ పెంచేది. వాపు అణిచే అసలు మందు మానేసి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తులేదు. స్టెరాయిడ్‌ని ఉన్నపళంగా ఆపినా ప్రమాదమేనని, మెల్లగా తగ్గిస్తూ రమ్మని డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. పొట్లం ఇచ్చిన షాపువాడు ఆ ముక్క చెప్పాడా?

పెద్దబావ సంగతికొస్తే, రోజుకో పెట్టె సిగరెట్లు. బీపీ చూపించుకుని మూడేళ్లయింది. నిన్న గ్రూపులోనే అడిగాను, "బావా, మీ బీపీ ఎంత?" అని. నీలం టిక్కులు పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు.