సవరణ: వాల్వ్ స్ప్రింగులో ఏ వైపు కిందికి రావాలి

మొన్న సిలిండర్ హెడ్ (వాల్వులు ఉండే ఇంజిన్ పైభాగం) రీబిల్డ్ గురించి రాసినప్పుడు, వాల్వ్‌ను మూసి ఉంచే స్ప్రింగులో చుట్లు దగ్గరదగ్గరగా ఉన్న వైపు పైకి, అంటే రిటైనర్ (స్ప్రింగును పైన పట్టి ఉంచే బిళ్ళ) వైపు రావాలని చెప్పాను. అది తప్పు. దగ్గర చుట్లు కిందే, హెడ్ మీద కూర్చోవాలి. బరువున్న ఆ భాగం నిలకడగా ఉంటే వాల్వ్‌తో పాటు కదిలే బరువు తగ్గుతుంది. నా మాట నమ్మి ఎవరైనా తిరగేసి బిగించి ఉంటే దయచేసి విప్పి సరిచేయండి. చుట్లన్నీ సమానంగా ఉన్న స్ప్రింగుకైతే ఈ పట్టింపు లేదు.

రెండోది ఇంకా ముఖ్యం. విడిగా కొలిచిన పొడవు సరిపోతే పాత స్ప్రింగులే వాడొచ్చన్నాను. అది చాలదు. నిన్న విజయవాడ ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ పాతదీ కొత్తదీ పక్కపక్కన నిలబెట్టి చూపించారు. ఎత్తు ఒక్కటే. స్ప్రింగు బలం కొలిచే టెస్టర్ మీద రెండింటినీ ఒకే ఎత్తుకు నొక్కితే పాతదానికి ముల్లు తక్కువ బలం దగ్గరే ఆగిపోయింది. మూలమట్టం ఆనిస్తే పైన సన్నటి సందు కూడా కనిపించింది. అంటే ఒరిగిందన్నమాట.

సీటు (మూసుకున్నప్పుడు వాల్వ్ ఆనే చోటు) కోసినా, వాల్వ్ ముఖం గ్రైండ్ చేసినా వాల్వ్ కాడ పైకి వస్తుంది. స్ప్రింగుకు చోటు పెరిగి పట్టు తగ్గుతుంది. పెరిగినంత మందం ఉన్న షిమ్ (పలుచని వాషర్) స్ప్రింగు కింద వేయాలి. మరీ ఎక్కువ వేస్తే వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు చుట్లు ఒకదానికొకటి తగులుతాయి. అలా తగలకుండా సాధారణంగా సుమారు 1.5 మి.మీ. మిగులు ఉంచుతారు. మీ ఇంజిన్ మాన్యువల్లో వేరే లెక్క ఉంటే అదే పాటించండి.