దేవుడికి ప్రహరీ గోడ అవసరం

దేవుణ్ణి ఎక్కడ ఉంచాలో అక్కడ ఉంచడం నాగరికతకు తొలి మెట్టు. గోపురం కట్టి, గుమ్మం పెట్టి, తలుపులు తీసే వేళలు గోడ మీద రాయించామంటే భక్తుడికి ఎంతో నిశ్చింత. గుమ్మం దాటాక ఇక అతని వ్యవహారాలు అతనివి. ఇంత చక్కటి ఏర్పాటును చెడగొట్టడానికి కంకణం కట్టుకున్నవాళ్లు ఇంగ్లండులోని క్వేకర్లు. పూజారి లేకుండా, మౌనంగా కూర్చుని ఆరాధించే క్రైస్తవ శాఖ వాళ్లది.

1652లో ఈ శాఖ మూలపురుషుడు జార్జ్ ఫాక్స్ ఫర్‌బ్యాంక్ ఫెల్ కొండ మీద, పక్కనే ప్రార్థనా మందిరం ఉండగా, ఒక బండ ఎక్కి దాదాపు మూడు గంటలు బోధించాడు. ఆ మందిరం ఈ కొండ కంటే పవిత్రమేమీ కాదని తేల్చేశాడు. వెయ్యిమంది పైగా విన్నారట. ఆ మందిరం పోషకుల మనసు ఎంత నొచ్చుకుని ఉంటుందో ఎవరైనా ఆలోచించారా?

సరే, తర్వాతైనా బుద్ధిగా కట్టడాలు కట్టారు కదా అనుకుంటే అదీ అంతంతమాత్రమే. 1675 నాటి బ్రిగ్‌ఫ్లాట్స్ మందిరంలో బల్లలున్నాయి, బలిపీఠం లేదు. మెట్ల మొదట్లో ఒక చెక్క దొడ్డి ఉంది. రైతుల వెంట వచ్చే గొర్రెల కాపలా కుక్కలకు అది విడిది. దైవసన్నిధిలో కుక్కకు చోటు కేటాయించి, పురోహితుడికి కేటాయించకపోవడం ఎక్కడి న్యాయం?

వీళ్ల సభలను ఆపడానికి ప్రభుత్వం తన వంతు కృషి చేసింది. 1670లో లండన్‌లోని హార్స్‌లీడౌన్ మందిరాన్ని కూలగొట్టిస్తే, వాళ్లు శిథిలాల మీదే సమావేశమయ్యారు. అదే ఏడాది గ్రేస్‌చర్చ్ స్ట్రీట్ మందిరానికి సైనికులు తాళం వేస్తే, క్వేకర్ బోధకుడు విలియం పెన్ వీధిలోనే మాట్లాడాడు. తలుపు మూస్తే దేవుడు లోపలే ఉండిపోతాడనుకున్నారు పాపం! బ్రిస్టల్‌లో 1682లో పెద్దలందరినీ జైల్లో పెడితే పిల్లలు ఆరాధన నడిపించారు.

ఇవన్నీ క్షమించవచ్చు. అసలు ప్రమాదం బజారులో మొదలైంది. కోర్టులో ప్రమాణం చేయమంటే చేయరు. బోనులో చెప్పే నిజం వేరు, అంగట్లో చెప్పే నిజం వేరు కాదట. వీళ్ల పట్టుదల వల్ల 1696లో పార్లమెంటే దిగివచ్చి, ప్రమాణానికి బదులు గంభీరంగా ధ్రువీకరిస్తే చాలని చట్టం చేసింది. వీళ్ల దుకాణాల్లో ఒకటే ధర. పసివాణ్ణి పంపినా అదే ధర. బేరంలో చూపించవలసిన నటనా చాతుర్యమంతా మట్టిపాలు. పండుగ పూట పుణ్యం కూడబెట్టుకుని మిగతా రోజుల్లో ఖర్చు పెట్టుకుందామన్నా వీలులేదు. వాళ్ల తొలితరాలకు క్రిస్మస్ కూడా మామూలు రోజే.

అన్ని చోట్లా దేవుడుంటే మనిషికి సెలవెక్కడ? తూకం వేసేటప్పుడు, పనివాడికి కూలి లెక్కగట్టేటప్పుడు, ఇంట్లో గిన్నెలు తోమేవారి మీద విసుక్కునేటప్పుడు ఆయన పక్కనే నిలబడి ఉంటే ఏ గృహస్థుడు తట్టుకోగలడు?

కనీసం బజారుకూ వంటింటికీ మినహాయింపు ఇవ్వాలని వినతిపత్రం రాసి పెట్టుకున్నాను. ఇద్దామంటే, మౌనంగా కూర్చునే ఆ సభలో పుచ్చుకోవడానికి పూజారి లేడాయె.